కుంకుమ బొట్టు ఆకు: మన చేన్ల గట్ల మీది సూక్ష్మ శిలీంధ్రాలను ఏరి, చూసి, రికార్డు చేసే తీరు

మా నాయిన ఒకసారి వేరుశనగ చేన్లో ఆకు తెంపి నా చేతిలో పెట్టి, "చూడు బిడ్డా, కుంకుమ బొట్లు పెట్టినట్టుంది" అన్నడు. ఆకు తిప్పి చూస్తే అడుగున నారింజ రంగు పొక్కులు. వేలితో రుద్దితే పొడి అంటింది. అప్పుడు నేను ఎమ్మెస్సీ బాటనీ రెండో ఏడు. తుప్పు తెగులు, పక్సీనియా అరాకిడిస్ అని పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్నే. చేన్లో దాన్ని మొదట పట్టుకున్నది మాత్రం బడికి పోని మా నాయిన. ఆ ఆకును పాత పేపర్లో మడిచి కాలేజీకి తీసుకుపోయాను. మైక్రోస్కోప్ కింద ఆ కుంకుమ అంతా సన్నటి ముళ్లున్న గుండ్రటి గింజలై కనిపించింది. ఆ రోజు నుంచి ఆకు అడుగు తిప్పి చూడకుండా ఏ మొక్కనూ దాటిపోలేదు.

ఇప్పుడు నాగర్‌కర్నూల్ వైపు ఒక డిగ్రీ కాలేజీలో పాఠం చెబుతున్నాను. ప్రతి ఏడూ వానాకాలం చివర్లో పిల్లలను వెంటేసుకుని గట్లు, చెరువు కట్టలు, గుట్టలు తిరుగుతాను. ఆకుల మీద బతికే శిలీంధ్రాలను ఏరి, ఆరబెట్టి, చూసి, పేరు పట్టుకుని, మన ప్రాంతం నుంచి ముందెవరూ రాయనివి ఏమైనా ఉన్నాయా అని వెతుకుతాం. ఇది పెద్ద ల్యాబ్‌ ఉంటేనే అయ్యే పని అనుకుని చాలామంది మొదలే పెట్టరు. చాలా దూరం దాకా దీనికి కావలసింది బ్లేడు, కాగితం కవర్లు, పది రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం, కాలేజీలో ఉండే మామూలు మైక్రోస్కోప్. మేం చేసే పద్ధతిని ఉన్నదున్నట్టు కింద రాస్తున్నాను.

"కొత్తది" అనే ముందు

ఈ మాటలో నాలుగు మెట్లున్నాయి. తెలిసిన శిలీంధ్రమే, ఇంతవరకు ఎవరూ చూడని మొక్క మీద దొరికితే అది కొత్త ఆతిథేయి (శిలీంధ్రానికి చోటిచ్చే మొక్క) రికార్డు. రాష్ట్రంలో మొదటిసారి దొరికితే రాష్ట్రానికి కొత్త. దేశంలో మొదటిసారైతే దేశానికి కొత్త. ప్రపంచంలో ఎవరూ వర్ణించకపోతేనే శాస్త్రానికి కొత్త జాతి. మనలాంటి వాళ్ల చేతికి ఎక్కువగా చిక్కేవి మొదటి రెండే. వాటి విలువ తక్కువని అనుకోవద్దు. ఏ మొక్క మీద ఏది బతుకుతుందో తెలియకుండా ఏ తెగులు ఎక్కడి నుంచి చేనుకు ఎక్కుతుందో ఎవరూ చెప్పలేరు.

నా మొదటి పేపరు తిరిగొచ్చింది ఈ మాట దగ్గరే. "తెలంగాణలో మొదటిసారి" అని రాసి పంపాను. పరిశీలించినవారు ఒక్క వాక్యం రాశారు: ఇదే శిలీంధ్రం, ఇదే మొక్క మీద, మహబూబ్‌నగర్ జిల్లా నుంచే ఏళ్ల కిందట నమోదైంది, ఆంధ్రప్రదేశ్ పేరు కింద. నేనేమో తెలంగాణ అనే మాట పెట్టి వెతికాను. రాష్ట్రం వచ్చింది 2014 జూన్ 2న. దానికి ముందు రాతల్లో మన ఊళ్లన్నీ ఆంధ్రప్రదేశ్ కింద ఉంటాయి, 1956కు ముందువైతే హైదరాబాద్ రాష్ట్రం కింద. జిల్లాల సంగతీ అంతే. 2016 అక్టోబరులో పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల విడిపోయాయి, 2019లో నారాయణపేట. పాత నల్లగొండ నుంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వచ్చాయి. కాబట్టి వెతికేటప్పుడు ఊరు, పాత జిల్లా, కొత్త జిల్లా, పాత రాష్ట్రం, అన్ని పేర్లతోనూ వెతకండి. ఆ రోజు నుంచి మా లేబుళ్ల మీద పాత జిల్లా పేరు కూడా రాయిస్తున్నాను.

ఎప్పుడు, ఎక్కడ

ఆకుమచ్చలకు మంచి కాలం వినాయక చవితి నుంచి దీపావళి దాకా. బతుకమ్మకు తంగేడు, గునుగు కోయడానికి ఊరంతా బయలుదేరుతుంది కదా, మా పిల్లలకు అప్పుడే చెబుతాను, పువ్వుతో పాటు రెండు ఆకులు కూడా తెండి అని. గునుగు ఆకు మీద గుండ్రటి మచ్చ కనిపిస్తే చూడవలసిందే. సెర్కోస్పోరా సెలోసియే అనే శిలీంధ్రానికి ఆ పేరు గునుగు ప్రజాతి సెలోసియా నుంచే వచ్చింది. చలి మొదలయ్యాక బూడిద తెగుళ్లు, తుప్పులు. భోగిపళ్ల నాటికి రేగు లేత ఆకులూ పిందెలూ తెల్లటి పొడి పూసుకుని ఉంటాయి. టేకు ఆకు అడుగున పసుపు, నారింజ పొడి కనిపిస్తే ఒలీవియా టెక్టోనే అనే తుప్పు అయ్యే అవకాశం ఎక్కువ. ఉసిరి మీద రావెనేలియా ఎంబ్లికే కోసం చూడండి.

తోటలు, చేన్ల కన్నా వాటి గట్లు నాకు ఇష్టం. పంట మీది తెగుళ్లను పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం లాంటి చోట్ల శాస్త్రవేత్తలు ఎప్పటి నుంచో చూస్తున్నారు. గట్టు మీది బలుసు, పరికి, తునికి, వావిలి ఆకులను తిప్పి చూసేవాళ్లు తక్కువ.

నల్లమలకు పోవాలనిపిస్తుంది, పోవాలి కూడా. కానీ అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో అటవీశాఖ రాతపూర్వక అనుమతి లేకుండా ఒక్క ఆకు కూడా కోయవద్దు. అనుమతి చేతికొచ్చాక ఒక చెంచు అన్నను వెంట పెట్టుకోండి. పువ్వూ కాయా లేని కాలంలో ఒట్టి ఆకు చూసి, బెరడు గీకి వాసన చూసి చెట్టు పేరు చెప్పగలవాళ్లు వాళ్లే. మొక్క పేరు తప్పితే శిలీంధ్రం పేరూ తప్పుతుంది. ఎందుకంటే ఈ శిలీంధ్రాల్లో చాలా వాటిని వెతికేదే ఆతిథేయి పేరు పట్టుకుని. అనుమానం ఉంటే పువ్వు, కాయ ఉన్న కొమ్మను కూడా వేరుగా ఆరబెట్టి అదే నంబరు ఇవ్వండి.

శిలీంధ్రం కానివి

రేగు ఆకు అడుగు పుట్టుకతోనే తెల్లగా, నూగుతో ఉంటుంది. ప్రతి బ్యాచ్‌లో ఒకరన్నా దాన్ని బూడిద తెగులు అని తెస్తారు. భూతద్దం పెట్టి చూడండి. నూగు చిక్కుపడిన దూదిలా పరుచుకుని ఉంటుంది, వేలితో రుద్దినా పోదు. బూడిద తెగులైతే పిండిలా చేతికి అంటుతుంది, మైక్రోస్కోప్ కింద పీపాల్లాంటి బీజాలు, అంటే శిలీంధ్రం విత్తనాల్లాంటి రేణువులు, కనిపిస్తాయి. కొల్లాపూర్ మామిడి తోటల్లోనూ జామ మీదా ఎర్ర మఖమల్ బొట్ల లాంటి మచ్చలుంటాయి. వాటిని ఎర్ర తుప్పు అంటారు గానీ అది సెఫల్యూరోస్ అనే నాచు. కానుగ ఆకు మీది బుడిపెలు నల్లి పురుగు పని. నిమ్మ గజ్జి బ్యాక్టీరియా. సజ్జ వెర్రి కంకిని పాత పుస్తకాలు శిలీంధ్రాల్లో చేర్చాయి, ఇప్పుడు దాన్ని వేరే వర్గంలో పెడుతున్నారు.

నల్లగొండ బత్తాయి తోటల్లో ఆకులు మసి పూసినట్టు కనిపించే మసి మంగు శిలీంధ్రమే, అయితే అది ఆకులోకి దిగదు. రసం పీల్చే పురుగులు విసర్జించే తేనె బంక మీద బతుకుతుంది. తడి గుడ్డతో తుడిస్తే కింద పచ్చటి ఆకు బయటపడుతుంది. దాన్ని ఆకుమచ్చ అని రాయకూడదు.

కోత, కవరు, లేబుల్

ఎండిపోయిన ముసలి ఆకు వద్దు, నిన్ననే మచ్చ పడ్డ లేత ఆకూ వద్దు. నడివయసు మచ్చ కావాలి. ఒక్కో మొక్క నుంచి పది పదిహేను ఆకులు తీసుకోండి. ప్లాస్టిక్ కవరు ముట్టవద్దు. ఎండకు లోపల చెమట పట్టి సాయంత్రానికి ఆకు మీద ఊరి బూజంతా మొలుస్తుంది, మర్నాడు మనం చూసేది దాన్నే. ఒక ఏడు మన్ననూరు దారిలో ముగ్గురు పిల్లలు పొద్దంతా తిరిగి ఏరినదంతా అలాగే పోయింది. ఆ పిల్లల ముఖాలు నాకింకా గుర్తున్నాయి. పాత న్యూస్‌పేపర్ మడతల మధ్య పెట్టి, పైన బరువు పెట్టి, మూడు నాలుగు రోజులు రోజూ పేపరు మార్చండి. వాన ముసురు పట్టినప్పుడు పూటకోసారి మార్చండి. నీడలోనే ఆరాలి.

లేబుల్ పెన్సిల్‌తో రాయండి. జెల్ పెన్ను రాత ఒక్క వాన చుక్కకు పోతుంది. మా లేబుల్ ఇలా ఉంటుంది: రేగు, జిజిఫస్ మారిషియానా, బతికున్న ఆకుల రెండు వైపులా, కల్వకుర్తి నుంచి అచ్చంపేట పోయే దారిలో చెరువు కట్ట మీద, నాగర్‌కర్నూల్ జిల్లా, పాత మహబూబ్‌నగర్, ఫోన్లో వచ్చిన అక్షాంశ రేఖాంశాలు, తేదీ, ఏరినవారి పేరు, వరుస నంబరు. "రెండు వైపులా" అన్నది చిన్న మాట కాదు. వేరుశనగ తిక్క తెగులు మచ్చల్లో ముందుగా వచ్చే రకం గోధుమ రంగులో, చుట్టూ పసుపు వలయంతో, బీజాలు ఆకు పైవైపు పెడుతుంది. తర్వాత వచ్చే రకం నల్లగా ఉండి ఆకు అడుగున వరుస వలయాలుగా పెడుతుంది. వైపు రాయకపోతే సగం ఆధారం అక్కడే పోయినట్టు. రంగు కూడా చెట్టు దగ్గరే రాసుకోండి. ఆరిన ఆకులో పసుపు వలయం మిగలదు.

లేబుల్ లేని ఆకు ఎంత అరుదైనదైనా పొయ్యిలోకే.

స్లైడు

తుప్పు, బూడిద అయితే సులువు. సెల్లోటేప్ ముక్కను మచ్చకు మెల్లగా అద్ది, నీటి చుక్క వేసిన స్లైడు మీద పరచండి. ముందు ఒట్టి నీళ్లలోనే చూడాలి, బీజాల అసలు రంగు అందులోనే తెలుస్తుంది. తర్వాత ఇంకో స్లైడు లాక్టిక్ ఆమ్లంలోనో, రంగు లేని బీజాలైతే కాటన్ బ్లూ కలిపిన లాక్టోఫినాల్‌లోనో పెట్టుకోవచ్చు. ఫినాల్ చర్మాన్ని కాలుస్తుంది, పిల్లల చేతికి గ్లవుజులు లేకుండా ఇవ్వకండి.

నల్లమల లోయల్లో తేమ ఉన్నచోట ఆకు మీద నల్లటి గరుకు బొట్లు దొరికితే రంగు లేని గోళ్ల రంగు పల్చగా పూసి, ఆరాక పొరలా లేపండి. శిలీంధ్ర తంతువులన్నీ చెదరకుండా ఆ పొరతో పాటే వస్తాయి. నల్ల బూజుల్లో తంతువుల పక్కన మొలిచే చిన్న బుడిపెల అమరికే గుర్తు. గీకితే అది చెదిరిపోతుంది.

ఆకు లోపల కూర్చునే వాటికి అడ్డకోత తప్పదు. దానికి జొన్న సొప్ప బెండు కన్నా మంచి సాధనం నాకు దొరకలేదు. చిన్నప్పుడు బెండ్లతో ఎడ్లబండ్లు చేసి ఆడుకున్నవాళ్లకు దాని మెత్తదనం తెలుసు. వేలెడు బెండు తీసుకుని నిలువుగా చీల్చండి. మచ్చ మధ్య నుంచి అర సెంటీమీటరు వెడల్పు ఆకు ముక్కను అందులో ఇరికించండి. తడిపి, కొత్త బ్లేడుతో మీ వైపుకు లాగుతూ, వక్క కత్తిరించినట్టు కాకుండా పాల మీగడ తీసినట్టు కోయండి. ఇరవై కోతలు నీళ్ల గిన్నెలో పడేస్తే అందులో రెండు మూడు కంటికి కనీ కనపడనంత పల్చగా వస్తాయి. బ్రష్ మొనతో వాటినే ఎత్తండి. ఇప్పుడు చూస్తే కొన్నిటిలో ఆకు లోపల మూతి సన్నటి కుండ పాతినట్టు ఉంటుంది, బీజాలు కుండలో ఉంటాయి, ఆ మూతి నుంచి బయటికొస్తాయి. ఫిల్లోస్టిక్టా, ఫోమా ఆ తీరువి. కొన్నిటిలో కుండ ఉండదు, చర్మం కింద మూకుడు బోర్లించకుండా పెట్టినట్టు పల్చగా పరుచుకుని, మధ్య నల్లటి ముళ్లు లేచి ఉంటాయి. కొలెటోట్రైకమ్ అలాంటిది. ఈ రెండూ పైనుంచి చూస్తే ఒకే తీరు నల్ల చుక్కలు.

సెర్కోస్పోరా మొదటిసారి సరిగ్గా కనిపించిన రోజు కాసేపు కంటికి మైక్రోస్కోప్ వదలబుద్ధి కాలేదు. ఆకు రంధ్రంలోంచి గడ్డి దుబ్బులా గోధుమ రంగు కాడలు లేస్తాయి. ఒక్కో కాడ పైకి పోయేకొద్దీ మోకాలు మడిచినట్టు వంగుతుంది. వంగిన ప్రతిచోటా ఒక చిన్న నల్లటి ఉంగరం. బీజం రాలిపోయిన మచ్చ అది. రాలిన బీజాలేమో రంగు లేకుండా, సూదుల్లా పొడుగ్గా, ఒక కొన మొండిగా. ఇదే దుబ్బు, ఇవే పొడుగు బీజాలు, కానీ బీజాలకూ రంగుంటే, ఉంగరాలు ముదురుగా లేకపోతే, అది స్యూడోసెర్కోస్పోరా. పేరంతా ఆ ఉంగరం దగ్గర తేలుతుంది. నూనె వేసి వంద రెట్ల ఆబ్జెక్టివ్ (స్లైడు వైపు ఉండే కటకం) పెట్టి చూస్తే తప్ప దాని గురించి ఏమీ రాయకండి.

మచ్చ మీద బీజాలు కనపడకపోతే అడుగున తడి టిష్యూ పరిచిన స్టీలు టిఫిన్ డబ్బాలో తాజా ఆకు పెట్టి మూత పెట్టండి. ఒకటి రెండు రోజుల్లో బీజాలు లేస్తాయి. మూడో రోజు దాటితే ఎక్కడెక్కడి బూజో వచ్చి కూర్చుంటుంది.

కొలత

కొలత లేని వర్ణన ఎవరికీ పనికిరాదు. కంటి దగ్గర పెట్టే గీతల బిళ్లను స్లైడు స్కేలుతో ఒకసారి సరిచూసుకుంటే చాలు. స్లైడు స్కేలులో ఒక మిల్లీమీటరును 100 భాగాలు చేసి ఉంటారు, అంటే ఒక్కో గీత 10 మైక్రాన్లు. నలభై ఆబ్జెక్టివ్ కింద బిళ్ల మీది 100 గీతలు స్కేలు మీది 25 గీతలతో కలిశాయనుకోండి, అవి 250 మైక్రాన్లు, అప్పుడు బిళ్ల మీది ఒక గీత 2.5 మైక్రాన్లు. ఆబ్జెక్టివ్ మారితే మళ్లీ లెక్క కట్టాలి. కనీసం ముప్పై బీజాలు కొలవండి, పొడుగు, వెడల్పు, లోపలి అడ్డుగోడల సంఖ్య. మా పిల్లలకు సాధన కోసం తిక్క మచ్చల్లో తర్వాత వచ్చే రకాన్ని ఇస్తాను. దాని బీజాలు సుమారు 20 నుంచి 70 మైక్రాన్ల పొడుగు, 4 నుంచి 9 వెడల్పు. వాళ్ల లెక్క అందులో పడకపోతే తప్పు బిళ్ల సరిచూసిన దగ్గరే ఉంటుంది. పెద్ద బీజాలను మాత్రమే ఏరి కొలిచే అలవాటు అందరికీ ఉంటుంది. కనిపించిన వరుసలో కొలవండి.

పేరు

ముందు ప్రజాతి దాకా పోండి, అక్కడ ఆగడం చిన్నతనం కాదు. ఆ తర్వాత ఆ మొక్క ప్రజాతి మీద ఇప్పటిదాకా ఏయే జాతులు నమోదయ్యాయో జాబితా వేసుకోండి. మన దేశపు పాత రికార్డులకు బట్లర్, బిస్బీ 1931లో వేసిన జాబితా ఇప్పటికీ మొదటి మెట్టు. పేర్ల ఇప్పటి స్థితికి ఇండెక్స్ ఫంగోరమ్, మైకోబ్యాంక్ వెబ్‌సైట్లు ఉచితం. పాత పేరు, కొత్త పేరు రెండూ పట్టుకుని వెతకండి. ఒకే శిలీంధ్రానికి రెండు దశల్లో రెండు పేర్లుండే పాత పద్ధతి 2013 జనవరి 1తో పోయింది, పాత పేపర్లలో మాత్రం ఆ రెండో పేర్లే ఉంటాయి.

కొత్త మొక్క మీద దొరికింది కాబట్టి కొత్త జాతే అని తొందరపడకండి. సెర్కోస్పోరాలో ఒకప్పుడు మొక్కకో పేరు పెట్టుకుంటూ పోయారు. తర్వాత చూస్తే వాటిలో చాలావాటిని ఒకదాన్నుంచి ఒకటి విడదీయడం కుదరలేదు. శాస్త్రానికి కొత్తది అని గట్టిగా అనిపిస్తే డీఎన్ఏ చేయించాలి. శిలీంధ్రాలకు 2012లో బార్‌కోడ్‌గా ప్రతిపాదించిన ఐటీఎస్ అనే డీఎన్ఏ ముక్క మొదలుపెట్టడానికి మంచిది. సెర్కోస్పోరా, కొలెటోట్రైకమ్‌లలో అదొక్కటే చాలదు, ఇంకా కొన్ని జన్యువులు చూడాలి. కొత్త జాతి పేరు చెల్లాలంటే 2013 నుంచి మైకోబ్యాంక్ లాంటి చోట ముందే నమోదు నంబరు తీసుకుని తీరాలి.

ఇంకో మాట. మచ్చ మీద కనిపించినంత మాత్రాన ఆ మచ్చకు కారణం అదేనని రాయకూడదు. 2021లో తెలంగాణ అంతటా వేప కొమ్మలు కొసల నుంచి ఎండిపోయినప్పుడు మా పిల్లలు తెచ్చిన ప్రతి పుల్ల మీదా ఆల్టర్నేరియా ఉంది, క్లాడోస్పోరియం ఉంది. అవి చచ్చిన ప్రతి పుల్ల మీదా ఉంటాయి. వేప కొస ఎండుకు కారణమని 1997లోనే వర్ణించిన ఫోమాప్సిస్ అజాడిరాక్టే వేరే. కారణం అని రాయాలంటే దాన్ని విడిగా పెంచి, ఆరోగ్యంగా ఉన్న మొక్కకు ఎక్కించి, అదే లక్షణం తెప్పించి, మళ్లీ అదే శిలీంధ్రాన్ని బయటికి తీయాలి. అంతవరకు "ఆకు మీద కనిపించింది" అనే మాట చాలు.

కవరు ఎక్కడికి

పేపరు అచ్చయినా నమూనా పదిమందీ చూడగలిగే చోట లేకపోతే ఆ రికార్డును ఎవరూ సరిచూడలేరు. ఎండిన నమూనాలకు పుణెలోని అగార్కర్ పరిశోధన సంస్థలో అజ్రేకర్ హెర్బేరియం ఉంది, ఢిల్లీలో భారత వ్యవసాయ పరిశోధన సంస్థ హెర్బేరియం ఉంది. పెంచిన కల్చర్లకు పుణెలోనే జాతీయ శిలీంధ్ర కల్చర్ సేకరణ. తుప్పు, బూడిద శిలీంధ్రాలు బతికున్న ఆకు మీద తప్ప పెరగవు కాబట్టి వాటికి ఎండిన ఆకే సర్వస్వం. అక్కడ ఇచ్చే నంబరు పేపర్లో వేయాలి. పంపే ముందు కవర్లను వారం రోజులు డీప్ ఫ్రీజర్‌లో పెడితే పురుగు చస్తుంది.

ఉన్న ఆకులన్నీ మాత్రం పంపవద్దు. ఒక ఏడు బలుసు ఆకు మీద, ఏ జాబితాలోనూ లేని స్యూడోసెర్కోస్పోరా దొరికింది. పేరు ఖాయం చేయించుకుందామని ఉన్న ఒక్క కవరూ ఒక సంస్థకు పోస్టులో పంపాను. చేరిందన్నారు, తర్వాత కనపడలేదన్నారు. మరుసటి వానాకాలం అదే పొద దగ్గరికి పోయాను. రోడ్డు వెడల్పు చేస్తూ ఆ గట్టునే తవ్వేశారు. చుట్టుపక్కల మూడు కిలోమీటర్లు తిరిగి బలుసు పొదలన్నీ తిప్పి చూశాం, ఆ మచ్చ దొరకలేదు. నా దగ్గర కొలతలున్నాయి, చేత్తో గీసిన బొమ్మలున్నాయి, ఆకు లేదు. ఆకు లేని రికార్డు రికార్డు కాదు కాబట్టి ఆ పేపరు రాయలేదు. ఏరిన రోజే ఆకులను రెండు కవర్లలో వేసి, రెండిటి మీదా ఒకే నంబరు రాసి, ఒకటి బీరువాలో పెట్టండి.